ఇందులో మీరు చేసిన ఫిజిక్స్ ఏమిటి? కణ భౌతికశాస్త్ర నియామక కమిటీలకు బహిరంగ లేఖ

కణ భౌతికశాస్త్రంలో పెద్ద ప్రయోగాలను నడిపిస్తున్న పెద్దలకు, ఉద్యోగ నియామక కమిటీల సభ్యులకు, నిధులు మంజూరు చేసేవారికి,

అయ్యా, అమ్మా,

కొన్ని నెలల క్రితం ఒక శాశ్వత ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేశారు. ఎక్కడన్నది అనవసరం. ఎక్కడైనా దాదాపు అదే జరిగేదని తోటివారితో మాట్లాడాక అర్థమైంది. నలభై నిమిషాలు నా పని గురించి చెప్పాను. పలుచటి సిలికాన్ సెన్సర్ ఒక కణం తనను తాకిన వేళను ఎంత కచ్చితంగా పట్టుకోగలదో, రేడియేషన్ తగిలేకొద్దీ ఆ కచ్చితత్వం ఎలా పడిపోతుందో, దాన్ని నిలబెట్టుకోవడానికి మేం ఏమేం చేశామో గ్రాఫులతో సహా చూపించాను. అంతా అయ్యాక కమిటీలో ఒక పెద్దాయన, నిజంగానే ఎంతో సౌమ్యంగా, అడిగారు: "చాలా బాగుంది. ఇంతకీ ఇందులో మీరు చేసిన ఫిజిక్స్ ఏమిటి?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. పీహెచ్‌డీ రోజుల్లో చేసిన ఒక చిన్న డేటా విశ్లేషణను ముందుకు తోసి దాని వెనక దాక్కున్నాను. ఉద్యోగం రాలేదు. వచ్చినవారు అర్హులే, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ ప్రశ్న. అడిగినవారికి అందులో వింత ఏమీ కనిపించలేదు. గదిలో ఉన్న మిగతావారికీ కనిపించలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆ నిమిషంలో నాకూ కనిపించలేదు. అందుకే ఆలస్యంగానైనా జవాబు రాస్తున్నాను. ఆ ఒక్క పెద్దాయనకే కాదు, అలా అడిగే అలవాటున్న అందరికీ.

ముందు పని సంగతి. ప్రోటాన్లను ఢీకొట్టించే భారీ యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్ గుంపులు 25 నానోసెకన్లకు ఒకసారి ఒకదానిలోంచి మరొకటి దూసుకుపోతాయి. రాబోయే అధిక తీవ్రత దశలో అలా దూసుకుపోయిన ప్రతిసారీ 200 దాకా ప్రోటాన్ జంటలు ఢీకొనవచ్చు. మనకు పనికొచ్చేది వాటిలో మహా అయితే ఒకటి. మిగతాదంతా రద్దీ. కొన్ని సెంటీమీటర్ల పొడవులో అన్నీ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఏ కణం ఎక్కడి నుంచి బయల్దేరిందో స్థానాన్ని బట్టి మాత్రమే తేల్చడం కష్టం. అదృష్టవశాత్తూ అవన్నీ సరిగ్గా ఒకే క్షణంలో జరగవు, కొన్ని వందల పికోసెకన్ల మీద పరుచుకుని ఉంటాయి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఒక్కో కణం వచ్చిన వేళను 30 పికోసెకన్ల కచ్చితత్వంతో గుర్తించగలిగితే ఆ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. 30 పికోసెకన్లలో కాంతి కూడా 9 మిల్లీమీటర్లకు మించి కదలదు.

ఈ పనికి వాడే సెన్సర్‌లో అసలు పనిచేసే పొర మందం 50 మైక్రాన్లు. మామూలు కాగితంలో సుమారు సగం. వేగంగా పోయే కణం ఆ పొరను దాటుతూ మూడు వేల పైచిలుకు ఎలక్ట్రాన్లను విడిపించి పోతుంది. ఆ సంకేతం మరీ చిన్నది. అందుకని ఒక పలుచటి అరలో బోరాన్‌ను కాస్త దట్టంగా చొప్పిస్తారు. అక్కడ విద్యుత్ క్షేత్రం ఎంత బలంగా ఉంటుందంటే, పరుగెత్తే ప్రతి ఎలక్ట్రాన్ మరికొన్నింటిని లేపి వెంటబెట్టుకుపోతుంది. సంకేతం పది ఇరవై రెట్లు పెరుగుతుంది.

ఇంకా ఖరీదైన ఎలక్ట్రానిక్స్ పెట్టుకుంటే 30 కాస్తా 3 అవుతుంది కదా అని కొందరు అడుగుతారు. అవదు. కణం తన దారి పొడవునా శక్తిని సమానంగా పంచిపెట్టదు. ఒకచోట గుప్పెడు, ఒకచోట చిటికెడు విదిలించుకుంటూ పోతుంది. ఈ హెచ్చుతగ్గులకు భౌతికశాస్త్రవేత్త లాండౌ 1944లోనే లెక్క కట్టారు. వాటివల్ల ప్రతి కణానికీ సంకేతం ఆకారం కొద్దిగా మారుతుంది, ఆ మార్పును ఏ చిప్పూ చెరిపేయలేదు. సెన్సర్‌ను మరింత పలుచన చేయవచ్చు, అయితే సంకేతం కూడా చిక్కిపోతుంది. ఎక్కడ ఆగాలన్నది ప్రకృతితో కుదుర్చుకోవాల్సిన బేరం. నా ఇంటర్వ్యూలో ఏడో స్లైడు మొత్తం దీని గురించే.

ఇక రేడియేషన్. కణాల తాకిడికి స్ఫటికంలో సిలికాన్ పరమాణువులు చోటు తప్పుతాయి. అవి ఊరికే ఉండక తిరుగుతూ తిరుగుతూ వచ్చి బోరాన్‌ను దాని స్థానంలోంచి నెట్టేస్తాయి. చోటు కోల్పోయిన బోరాన్ ఇక పనికిరాదు, సంకేతాన్ని పెంచే అర నెమ్మదిగా చచ్చుబడుతుంది. దానికి తోడుగా కార్బన్‌ను కలిపి చూస్తే, తిరుగుబోతు సిలికాన్ పరమాణువుల్లో కొన్నింటిని కార్బన్ తనవైపు లాక్కుని బోరాన్ ఆయుష్షు పెంచుతుందని తేలింది. ఎంత కార్బన్ కలపాలి, ఏ లోతులో, ఏ ఉష్ణోగ్రత దగ్గర కుదురుకోనివ్వాలి? ఎక్కువైతే మరో రకం దెబ్బ. ఒక్కో వేఫర్ (సెన్సర్లను కోసి తీసే సిలికాన్ బిళ్ల) ఒక్కో కథ చెబుతుంది.

ఈ పరిశోధన మధ్యలోనే జరిగిన ఒక రాత్రి గురించి చెప్పాలి. టెస్ట్ బీమ్‌లో, అంటే యాక్సిలరేటర్ నుంచి వచ్చే కణాల ధారలో సెన్సర్లను పరీక్షించే చోట, నా వంతు షిఫ్టు. మూడు దాటింది. రేడియేషన్ తిన్న సెన్సర్ కాబట్టి పడిపోయిన సంకేతాన్ని వోల్టేజి పెంచి తిరిగి రాబట్టుకుంటున్నాం. 600 వోల్టులకు దగ్గరలో ఉన్నాం. లీకేజీ కరెంటు (సెన్సర్‌లోంచి ఊరికే కారే కరెంటు) గీత స్క్రీన్ మీద సన్నగా, బుద్ధిగా పాకుతోంది. నేను లాగ్‌బుక్‌లో ఉష్ణోగ్రత రాసుకుంటున్నాను. తలెత్తేసరికి గీత నిటారుగా లేచి పరిమితి దగ్గర ఆగిపోయి ఉంది. పవర్ సప్లై తనంతట తానే ఆగిపోయింది. మళ్లీ మెల్లగా వోల్టేజి ఇవ్వబోతే పది వోల్టులకే కరెంటు దూకింది. తెల్లవారాక సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాం. వెండిలా మెరిసే ప్యాడ్ మీద ఒక చిన్న గుంట, దాని చుట్టూ నక్షత్రంలా విచ్చుకున్న నల్లటి పగుళ్లు. ఒకే ఒక్క కణం ఒకే ఒక్క చోట మామూలుకన్నా చాలా ఎక్కువ శక్తి వదిలింది. కరెంటంతా దారమంత సన్నని దారిలోకి కుదించుకుపోయి అక్కడి సిలికాన్‌ను కరిగించేసింది. చిత్రం ఏమిటంటే అదే సెన్సర్ ప్రయోగశాలలో స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ముందు అదే వోల్టేజి దగ్గర వారం రోజులు హాయిగా పనిచేసింది.

ఇది మేం కనిపెట్టిన సంగతి కాదు. మాకంటే ముందే వేరే బృందాలు ఇటువంటి చావులు చూశాయి, తరవాత ఇంకెందరో రూఢి చేశారు. సెన్సర్ మందంలో మైక్రానుకు సగటున 11, 12 వోల్టుల ప్రాంతంలో గండం మొదలవుతుందని ఇప్పుడు ఈ రంగంలో పనిచేసే అందరికీ తెలుసు. డిటెక్టర్లను (ఇలాంటి సెన్సర్లతో కణాలను పట్టే పరికరాలను) ఏ వోల్టేజి దాటి నడపకూడదో నిర్ణయించేటప్పుడు ఆ అంకెనే చూస్తారు. ఆ అంకె వెనక మాడిపోయిన సెన్సర్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి నాది. దాని ఫొటోను ఎనిమిదో స్లైడులో పెట్టాను. కమిటీలో ఒకరు ఫోను చూసుకుంటున్నారు. అది అంత పెద్ద నేరమేం కాదు, నేనూ సెమినార్లలో చూస్తాను.

బలమైన క్షేత్రంలో స్ఫటికం ఎందుకు కరిగిపోతుంది, చోటు తప్పిన పరమాణువు ఎటు పోతుంది, కణం తన శక్తిని ఎలా విదిలిస్తుంది: ఈ ప్రశ్నలు పదార్థం గురించే కదా? తుది గ్రాఫులో హిగ్స్ బోసాన్ అనే కణం కనిపిస్తేనే ఫిజిక్స్, దాన్ని కనిపించేలా చేసిన సిలికాన్‌లో ఏం జరిగిందో తెలుసుకుంటే 'సాంకేతిక సహకారం' అనే గీతను ఎవరు గీశారో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

అలాగని నేను రోజంతా చేసేదంతా ఫిజిక్సేనని దబాయించను. ఒకసారి మూడు వారాల పాటు సంకేతంలో కలిసే ఒక రొద వెంట పడ్డాను. కొన్ని నిమిషాలకు ఒకసారి ఆసిలోస్కోప్ మీద ప్రత్యక్షమై, మనం చెయ్యి పెట్టేలోపు మాయమయ్యేది. కేబుళ్లు మార్చాను. చిప్‌ను అనుమానించాను. పక్క గదివాళ్లనూ అనుమానించాను. చివరికి చూస్తే చల్లబరిచే యంత్రంలో కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ వస్తోంది, బల్ల ఇనుప చట్రం గుండా గ్రౌండ్ రెండు దారుల్లో చుట్టుకుంది. ఒక రాగి పట్టీ విప్పితే పోయింది. ఆ మూడు వారాలను సీవీలో ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అవి లేకుండా తరవాతి ఏడాది కొలతలు ఒక్కటీ నమ్మదగినవి కావు.

పనిముట్టు వేరు, శాస్త్రం వేరు అనే మాటకు మన రంగం చరిత్రే ఒప్పుకోదు. విల్సన్ మేఘాలను సీసాలో పుట్టించబోయి చేసిన, కణాల జాడను చూపే పెట్టెకు 1927లో నోబెల్ ఇచ్చారు. అదే రకం పెట్టెలో ఆండర్సన్‌కు 1932లో పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కు ప్రతికణం) కనిపించింది. బుడగల కోష్ఠికకు గ్లేజర్, 1960. 1968లో తీగల కోష్ఠిక తయారుచేసిన షార్పాక్‌కు 1992లో గుర్తింపు వచ్చింది. ఈ పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు, సభల్లో మీరే చెబుతారు. నేను గుర్తుచేయదలచింది మరొకరిని. ఆస్ట్రియా భౌతికశాస్త్రవేత్త మరియెట్టా బ్లావ్ ఏళ్ల తరబడి ఫోటో ఎమల్షన్ల (ఫొటో పలకల మీది పూతల) మీదే పనిచేశారు. పూత మందం పెంచుతూ, కడిగే పద్ధతి మారుస్తూ, కణాల జాడ వాటిలో స్పష్టంగా పడేదాకా వదల్లేదు. 1937లో ఆవిడ, హెర్తా వాంబాకర్ కలిసి పర్వతం మీద 2,300 మీటర్ల ఎత్తున నెలల తరబడి ఉంచిన పలకల్లో, విశ్వకిరణం తగిలి చిట్లిపోయిన పరమాణు కేంద్రకాల గుర్తులు చూశారు. అవీ నక్షత్రాల్లాగే ఉన్నాయి. మరుసటి ఏడాది ఆవిడ దేశం విడిచి పారిపోవాల్సి వచ్చింది. ష్రోడింగర్ ఆవిడ పేరును నోబెల్‌కు ప్రతిపాదించారు. ఎమల్షన్ పద్ధతికీ, దానితో మెసాన్‌లనే కణాల ఆవిష్కరణకూ బహుమతి 1950లో పావెల్‌కు వెళ్లింది. పావెల్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. మాడిన సెన్సర్‌ను సూక్ష్మదర్శిని కింద చూసిన రోజు నాకు బ్లావ్ నక్షత్రాలు గుర్తొచ్చాయి, అంతే.

సరే, మీరు మమ్మల్ని తూచే తక్కెడ సంగతికి వద్దాం. ఆ కొలైడర్ మీద పనిచేసే రెండు పెద్ద ప్రయోగాలు అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి 2015లో హిగ్స్ ద్రవ్యరాశి మీద వెలువరించిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లు, సంస్థల జాబితాకే సరిపోయాయి. ఆ పద్ధతి న్యాయమైనదే. అంత పెద్ద యంత్రానికి అందరి చెయ్యీ పడుతుంది. కానీ అక్షరక్రమంలో ఉన్న అయిదు వేల పేర్లు నియామక కమిటీకి ఏమీ చెప్పవు. అందుకని మీరు వేరే గుర్తులు వెతుకుతారు: విశ్లేషణకు నాయకత్వం వహించారా? సమావేశంలో కొత్త ఫలితాన్ని ప్రకటించారా? ఈ గుర్తులన్నీ డేటా వచ్చాక మొదలయ్యే పనులకే ఉంటాయి. డేటా రావడానికి పదేళ్ల ముందు బల్ల దగ్గర కూర్చున్నవారికి మిగిలేవి ఆరుగురు ఏడుగురు సంతకం చేసిన పరికరాల పత్రాలు, బయటివారికి తెరుచుకోని అంతర్గత నివేదికలు. వాటిని చదివి విలువ కట్టగలిగేవారు కమిటీలో ఒక్కరైనా ఉండాలి. నా ఇంటర్వ్యూలో ఉన్న అయిదుగురిలో సెన్సర్‌ను చేత్తో పట్టుకున్నవారు ఒక్కరూ లేరని తరవాత తెలిసింది. ఈ లేఖలో నేను పట్టుబట్టి అడిగేది ఏదైనా ఉంటే మొదట అదే: ఒక్క కుర్చీ.

రెండోది కాలం. సాధారణంగా నాలాంటివారి కాంట్రాక్టు రెండేళ్లు, మూడేళ్లు. వేఫర్ ఆర్డరు పెట్టి, అది తయారై చేతికి రావడానికే చాలా నెలలు పడుతుంది. కోయించాలి, ఒక్కొక్కటీ పరీక్షించాలి, రేడియేషన్ తగిలించడానికి రియాక్టర్‌కు పంపాలి, రేడియోధార్మికత తగ్గేదాకా ఆగాలి, 25 మైక్రాన్ల అల్యూమినియం తీగలతో చిప్‌కు కలపాలి, ఆపైన టెస్ట్ బీమ్‌లో మనకు రాసిపెట్టిన వారం కోసం కాచుకోవాలి. ఈలోగా యాక్సిలరేటర్‌ను మరమ్మతుకు ఆపితే ఆ ఏటికి అంతే. ఒక్క చుట్టు తిరిగేసరికి కాంట్రాక్టు అయిపోతుంది. మొదటి చుట్టులో అందరూ తప్పులే చేస్తారు. నేర్చుకున్నది పనికొచ్చేది రెండో చుట్టులో, అప్పటికి ఆ మనిషి ఉండరు.

నేను చేరిన రోజున నాకు అప్పగించిన లాగ్‌బుక్‌లో ఒకచోట ఎర్ర సిరాతో "ఏడో చానల్ జోలికి పోవద్దు!!" అని ఉంది. కారణం రాయలేదు. రాసినవారు అప్పటికే వెళ్లిపోయారు. ఏడో చానల్‌ను నాలుగు నెలలు తప్పించుకుని తిరిగాను. చివరికి తెగించి చూస్తే, పాత బోర్డులో ఉన్న ఒక లోపం గురించిన హెచ్చరిక అది. ఆ బోర్డును ఎప్పుడో మార్చేశారట. ఆ లాగ్‌బుక్ రాసిన మనిషి ఇప్పుడు వైద్య చిత్రీకరణ పరికరాల రంగంలో ఉన్నారు. ఫోను చేస్తే నవ్వి, పది నిమిషాల్లో మా బృందానికి ఎవరికీ తెలియని మూడు విషయాలు చెప్పారు. బంకను ఎంత వేడిలో ఆరబెడితే బుడగలు రావో వాటిలో ఒకటి.

బయటికి వెళ్లడం విషాదమని నేను అనను. కణాలను పట్టుకోవడానికి నేర్చిన విద్య ఆసుపత్రుల్లో పనికొస్తే మంచిదే. కణ భౌతికశాస్త్రం కోసం పుట్టిన పిక్సెల్ చిప్‌ల పరిజ్ఞానం నుంచి మెడిపిక్స్ వచ్చింది, దానితో రంగుల ఎక్స్‌రే చిత్రాలు వచ్చాయి. కానీ వెళ్లాలని వెళ్లడం వేరు, ఉండాలని ఉన్నా చోటు లేక వెళ్లడం వేరు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని సామెత. మనం ఏరు ఇంకా దాటనేలేదు. ఇప్పుడు గీస్తున్న తరవాతి పెద్ద కొలైడర్ 2040ల మధ్యలో గానీ మొదలవదు. దాని డిటెక్టర్లు ఎలా ఉండాలో ఇప్పుడు ఆలోచించే చేతులు అప్పటికి ఎక్కడుంటాయి?

ఈ సంగతి మీకు కొత్త కాదు. యూరప్ డిటెక్టర్ పరిశోధనకు 2021లో వచ్చిన మార్గసూచిలో, నిపుణులను ఆకర్షించి, గుర్తించి, వారి వృత్తిని నిలబెట్టాలని సిఫారసుల్లోనే రాశారు. దాన్ని అనుసరించి 2024 నుంచి కొత్త డీఆర్‌డీ (డిటెక్టర్ పరిశోధన, అభివృద్ధి) సహకార బృందాలు పని మొదలుపెట్టాయి. వాయువులకు ఒకటి, అర్ధవాహకాలకు ఒకటి, ఎలక్ట్రానిక్స్‌కు ఒకటి. మంచి పని. సమావేశాలు బాగా జరుగుతున్నాయి. అయితే నాకు తెలిసిన పోస్ట్‌డాక్‌లలో (పీహెచ్‌డీ తరవాత తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న పరిశోధకుల్లో) ఒక్కరి కాంట్రాక్టు కూడా దానివల్ల ఒక్క నెల పెరగలేదు. బృందం పేరు మారింది, లెటర్‌హెడ్ మారింది. సిఫారసు చేసినవారూ, నియమించేవారూ చాలాచోట్ల ఒకే మనుషులన్నది మాలాంటివారికి మింగుడుపడని విషయం.

మా వైపు తప్పులు లేవా? ఉన్నాయి. మాడిపోయిన సెన్సర్ల గురించి మేం తగినంత రాయం. బాగా పనిచేసిన ఒక్కదాని గ్రాఫు ప్రచురించి, చచ్చిన అయిదింటిని డబ్బాలో పడేస్తాం. పక్క బృందం అవే అయిదింటిని మళ్లీ చంపుకుంటుంది. లాగ్‌బుక్‌లో కారణం రాయని ఎర్ర సిరా నాదీ ఉంది, ఈ మధ్యే చూసుకుని దిద్దాను. డేటా విశ్లేషణ చేసేవారిని 'ప్లాట్లు గీసుకునేవాళ్లు' అని వెక్కిరించడం కూడా మాకు అలవాటే. వాళ్లలో చాలామందికి కాంట్రాక్టు భయం మాకన్నా తక్కువేం కాదు.

కాబట్టి నేను అడిగేవి మరీ గొంతెమ్మ కోరికలు కావు. పరికరాల మీద పనిచేసేవారిని నియమించేటప్పుడు విశ్లేషణ పత్రం చూపించమని గేటు దగ్గర ఆపకండి. ప్రకటనలో 'డిటెక్టర్ అనుభవం అభిలషణీయం' అని రాసి, ఎంపికలో దాన్ని మరిచిపోకండి. నిధులిచ్చేవారు కాంట్రాక్టు గడువును క్యాలెండరుతో కాకుండా సెన్సర్ చుట్టుతో కొలవండి: ఆర్డరు నుంచి రెండో టెస్ట్ బీమ్ దాకా. అంతర్గత నివేదికలను పేర్లతో సహా బయట పెట్టండి. విఫలమైన కొలతల నివేదికలను కూడా. వచ్చేసారి "మీ ఫిజిక్స్ ఏమిటి" అని అడగాలనిపిస్తే, "ఆ సెన్సర్ ఎందుకు మాడిపోయింది" అని అడిగి చూడండి. మిమ్మల్ని నలభై నిమిషాలు కూర్చోబెడతాం.

మా ప్రయోగశాల మూలన ఒక ఫ్రీజర్ ఉంది, మైనస్ 20 డిగ్రీల దగ్గర నడుస్తుంది. అందులో రియాక్టర్ నుంచి వచ్చిన పదహారు సెన్సర్లు చిన్న చిన్న పొట్లాల్లో ఉన్నాయి. ప్రతిదాని మీదా నా చేతిరాతలో తేదీ, వేఫర్ నంబరు, ఎంత రేడియేషన్ తిన్నదో రాసి ఉంది. గది వేడిలో వదిలేస్తే లోపలి లోపాలు కదులుతాయి, రేడియేషన్ చేసిందేమిటో, ఆ వేడి చేసిందేమిటో విడదీయలేం. కొలిచే ముందు 60 డిగ్రీల దగ్గర 80 నిమిషాలు ఉంచాలి, ఎక్కువా తక్కువా కాకూడదు. వాటిలో నాలుగింటిలో కొత్త పాళ్లలో కార్బన్ ఉంది. టెస్ట్ బీమ్‌లో మాకు కేటాయించిన వారం, నా కాంట్రాక్టు ముగిసిన అయిదు వారాల తరవాత వస్తుంది. ఫ్రీజర్ తాళంచెవి ఎవరికి ఇచ్చి వెళ్లమంటారో తెలియజేయగలరు.

ఇట్లు,
డిటెక్టర్ బల్ల దగ్గరి నుంచి
ఒక పోస్ట్‌డాక్